ఉపాధ్యాయుల పంపకము – పరిశోధకుల నియామకము

ఒక గ్రామమున బడి యున్నదా లేదా యని తెలిసికొనుటకు కన్నులు చాలును. ఆ బడిలో పిల్లలెందఱు, ఉపాధ్యాయులెందఱు అని తెలిసికొనుటకు హాజరుపట్టిక చాలును. కాని ఆ యుపాధ్యాయుడు ఆ యూరికి వచ్చి యేల నిలువలేదు, నిలిచినవాడు ఏమి చూచి నిలిచెను, అతడు చెప్పిన మాట పిల్లకు బోధపడెనా, ఇట్టివానిని తెలిసికొనవలెనన్నచో ఒక మనుష్యుడు మఱియొక మనుష్యునితో తీరికగా కూర్చుండి మాటాడవలెను. అట్లు మాటాడి, విని, విన్నదానిని సరిచూచి వ్రాయుటయే వృత్తిగా గలవారిని నేటి విద్వాంసులు గుణాత్మక పరిశోధకులనుచున్నారు. ప్రాథమిక పాఠశాలలకు ఉపాధ్యాయులను న్యాయముగా పంచుట యెట్లు అను ప్రశ్నకు సమాధానము వెదకుటకై ప్రభుత్వములును, ధర్మసంస్థలును, ప్రపంచ బ్యాంకు వంటి ఋణసంస్థలును ఇట్టివారిని జీతమిచ్చి నియమించుచున్నవి. పద్ధతి మంచిదే. కాని వారిని నియమించు తీరును, ఇట్టి విచారణల ఫలముగా వెలువడిన నివేదికల తీరును విమర్శింపదగియున్నవి. ఉపాధ్యాయుని నియామకమున మనమే న్యాయమును కోరుదుమో, ఆ నియామకమును పరీక్షింప వచ్చిన పరిశోధకుని నియామకమునను ఆ న్యాయమునే కోరవలెను. కోరనిచో ఆ పరీక్ష కొఱగానిదగును.

చట్టము చెప్పు న్యాయము స్పష్టముగానే యున్నది. 2009లో పార్లమెంటు అంగీకరింపగా 2010 ఏప్రిల్ 1వ తేదినుండి అమలునకు వచ్చిన నిర్బంధ ఉచిత విద్యాహక్కు చట్టము ననుసరించి, ప్రాథమిక పాఠశాలలో పిల్లలు 60 మందివఱకు ఇద్దఱును, 61 నుండి 90 వఱకు మువ్వురును, 91 నుండి 120 వఱకు నలుగురును ఉపాధ్యాయులుండవలెను. ఏ బడియందును ఖాళీలు మంజూరైన పదవులలో నూటికి 10ని మించరాదు. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తులందు సహాయము అను మూటికి దక్క, చదువునకు సంబంధములేని పనులకు ఉపాధ్యాయుని పంపరాదు. ఇది శాసనము. ఇక వాస్తవమును చూతము. కేంద్ర విద్యాశాఖవారు ప్రకటించిన 2024-25 లెక్కల ప్రకారము దేశమున ఉపాధ్యాయుల సంఖ్య మొదటిసారిగా కోటిని దాటినది. ఆ సంవత్సరముననే ఒక్క ఉపాధ్యాయునితో నడచు బడులు 1,04,125 అనియు, వానిలో చదువు పిల్లలు 33 లక్షలకు పైబడి యున్నారనియు అవే లెక్కలు చెప్పుచున్నవి. ఇట్టి బడుల సంఖ్యలో ఆంధ్రప్రదేశమే మొదటిది. అచ్చట అవి 12,900కు పైగా నున్నవి. కోటిమంది ఉపాధ్యాయులు గల దేశమున లక్ష బడులకు రెండవ ఉపాధ్యాయుడు లేకుండుట కేవలము ఉపాధ్యాయుల కొఱతవలన గలిగినది కాదు. ఉన్నవారు ఎచ్చట నుండవలెనో అచ్చట లేకుండుటవలన గూడ గలిగినది.

ఈ వాస్తవమును చెప్పినందులకు అంకెలకు మనము కృతజ్ఞులము. అంకెలు లేనిచో లక్ష బడులు మన కంటబడవు. కాని అంకె తన పొలిమేర దాటి మాటాడినప్పుడు మోసపోవుదుము. ఒక గూడెములో 20 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడున్నాడనుకొందము. పట్టణమున 150 మంది పిల్లలకు ఐదుగురున్నారనుకొందము. నిష్పత్తిని చూచిన గూడెపు పిల్లలే భాగ్యవంతులు. అచ్చట ఒకనికి 20 మంది, ఇచ్చట ఒకనికి 30 మంది. కాని పట్టణపు బడిలో తరగతికొక ఉపాధ్యాయుడు గలడు. గూడెములో ఆ యొక్కడే ఐదు తరగతులకును చెప్పవలెను. అతడు మూడవ తరగతికి తీసివేతలు చెప్పునప్పుడు తక్కిన నాలుగు తరగతులును పలకలు పట్టుకొని కూర్చుండును. అతనికి జ్వరము వచ్చిన దినమున బడికే జ్వరము వచ్చినట్లు. చట్టము 60 మందిలోపు పిల్లలకును ఇద్దఱుండవలెనని విధించుట ఈ కారణముననే. నిష్పత్తిని మాత్రమే చూచు పండితునకు ఈ కారణము కానరాదు.

ఇంకొక యుదాహరణము. 2022 జూన్ నెలలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 117వ సంఖ్యగల ఉత్తరువును వెలువరించెను. దాని ననుసరించి ఉన్నత పాఠశాలకు ఒక కిలోమీటరులోపున నున్న ప్రాథమిక పాఠశాలలనుండి 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు చేర్చిరి. ఆ పిల్లలకు ఒక్కొక్క విషయమును ఒక్కొక్క ప్రత్యేకోపాధ్యాయుడు చెప్పునని యాశించిరి. పాత బడులలో 1, 2 తరగతులు మాత్రమే మిగిలినవి. 2025లో ఆ యుత్తరువు రద్దయినది. పెట్టినవారికిని అంకెలు దొరకినవి, తీసివేసినవారికిని అంకెలు దొరకినవి. కాని ఒక కిలోమీటరు అన్నది పటముమీద ఎల్లచోట్లను ఒక్కటియే. నేలమీద అట్లుండదు. ఒకచోట అది చెట్లనీడ త్రోవ. ఒకచోట లారీలు తిరుగు రహదారిని దాటి పోవలసిన త్రోవ. ఒకచోట శ్రావణమాసమున పొంగు వాగు. ఎనిమిదేండ్ల ఆడపిల్లను ఆ త్రోవన పంపనొల్లక బడి మాన్పించిన తల్లి యున్నదా, ఉన్నచో ఆమె యెవరితో నేమి చెప్పుకొన్నది? ఇది తెలియవలెనన్నచో ఆ తల్లి ఇంటి యరుగుమీద ఎవరైన కూర్చుండవలెను.

మఱియు అంకెలు నిష్పక్షపాతమైనవన్న భ్రమయు మనకు గలదు. బడిలో ఉపాధ్యాయ పదవులెన్ని యుండవలెనో నిర్ణయించునది పిల్లల సంఖ్య. ఆ సంఖ్యను వ్రాసి పంపువాడు ఆ బడి ప్రధానోపాధ్యాయుడే. సంఖ్య తగ్గినచో తన తోడివాడో తానో ఊరు కదలవలసి వచ్చును. ఇట్టి స్థితిలో పట్టికలో పేరుండి బడిలో కానరాని పిల్లలు ఏర్పడుట యాశ్చర్యము కాదు. పల్లెలలో దీని నెఱుగనివారు లేరు. తన కదలికను తానే నిర్ణయించు లెక్కను తానే వ్రాయువానిని ఒంటరిగా నిందించి ప్రయోజనము లేదు. ఆ లెక్కను ఆధారము చేసికొని దూరమునుండి న్యాయము తీర్చువారు మాత్రము తమ త్రాసు ఎట్టిదో యెఱుగవలెను.

ఇట్టి ప్రశ్నలపై వెలువడిన నివేదికలలో ముఖ్యమైనవానిని పరిశీలింతము. 2003లో 20 రాష్ట్రములందు 3,700 బడులను ముందు తెలుపకుండ దర్శించి, ఉపాధ్యాయులు బడిలో నున్నారా లేరా యని పరిశోధకులు లెక్కించిరి. మైఖేల్ క్రెమర్, కార్తీక్ మురళీధరన్ మొదలగువారు దాని ఫలితములను 2005లో ప్రకటించిరి. నూటికి 25 మంది ఉపాధ్యాయులు బడిలో లేరు. మహారాష్ట్రమున 15, ఝార్ఖండమున 42. ఉన్నవారిలోను పాఠము చెప్పుచు కనబడినవారిని లెక్కించిన, మొత్తమున సగముమందియే. ఈ సంఖ్య దేశమంతట మ్రోగినది. నేటికిని ఉపాధ్యాయుని నిందింపదలచిన ప్రతివాడును దీనినే యుదాహరించును.

పదునాలుగేండ్లకు, అనగా 2017లో, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషనువారు ఆరు రాష్ట్రములందు 619 బడులలో 2,861 మంది ఉపాధ్యాయులనుగూర్చి విచారించిరి. వారి లెక్కలో బడిలో లేనివారు నూటికి 18.5. కాని కారణము లేక, అనుమతి లేక మానినవారు నూటికి 2.5 మాత్రమే, తక్కినవారు సెలవులోనో, ప్రభుత్వపు పనిమీదనో యుండిరి. రెండు విచారణలను పక్కపక్కన నుంచి చూచిన చదువరికి మొదట కలుగునది కలవరము. ఒకటి సత్యము, ఒకటి యసత్యము అనుకొనుట తొందరపాటు. మొదటి విచారణలోను కారణములు అడిగిరి. కాని అవి పెద్ద సంఖ్య నీడలో నణగిపోయినవి. రెండవ విచారణ కారణములను ముందుకు దెచ్చినది. కాని అది ఆ సంస్థ పనిచేయు ప్రాంతముల బడులనే చూచినది గావున దేశమంతటికిని దానినే కొలతగా గొనరాదు. మనకు కావలసిన పాఠము వేఱు. “లేడు” అనునది ఒక్క మాట. అనుమతి లేని యుపాధ్యాయుడు, ఓటరుల జాబితా పట్టుకొని తిరుగు నుపాధ్యాయుడు, ప్రసవమునకు పోయిన యుపాధ్యాయిని, దినమునకొక్క బస్సు తప్పిపోయినవాడు, వీరందఱును ఆ యొక్క మాటలో నిమిడి యున్నారు. మొదటివానికి దండనము మందు; రెండవవానికి పై యధికారిని దండించుట మందు; మూడవయామె స్థానమున తాత్కాలికోపాధ్యాయుని పంపుట మందు; నాల్గవవానికి ఆ యూరనే ఒక యిల్లు మందు. రోగమేదో తెలియక అందఱకును ఒకే మందిచ్చు వైద్యుని మనము ఇంటిలోనికి రానిత్తుమా?

ఈ దృష్టితో చూచినప్పుడు 1999లో వెలువడిన ప్రోబ్ నివేదిక నేటికిని మేలైన మాదిరిగా నిలిచియున్నది. 1996లో బీహారు, మధ్యప్రదేశము, రాజస్థానము, ఉత్తరప్రదేశము, హిమాచలప్రదేశములందు పల్లెలకు పోయి చేసిన విచారణ అది. దర్శించిన బడులలో సుమారు సగమున ఆ సమయమునకు బోధనమే జరుగుట లేదని చెప్పుటకు అది వెనుదీయలేదు. కాని అంతతో నాగక, బీదవారికి చదువుపై నాసక్తి లేదని పెద్దలు చెప్పుచు వచ్చిన మాట అబద్ధమని తల్లిదండ్రుల నోటనే వినిపించినది. ఉపాధ్యాయుని యేకాకితనమును, వసతిలేమిని, పై యధికారి నిరాదరణమును గూడ వినిపించినది. ఉపాధ్యాయుని దోషమును దాచలేదు, అతని దుఃఖమును దాచలేదు. ఆ నివేదిక చదివినవారికి కోపమును జాలియు నొక్కమాఱే కలుగును. పల్లెలలో తిరిగి చూచి, కూర్చుండి విన్నవారు వ్రాసినది గనుకనే అది సాధ్యమైనది.

2018లో ప్రపంచ బ్యాంకు ప్రకటించిన గ్రంథమొకటి సరియైన యుపాధ్యాయులను సరియైన బడులకు చేర్చుట యెట్లను విషయముననే వెలువడినది. విమలా రామచంద్రన్, తారా బెతేయ్ మొదలగువారు దాని రచయితలు. వారు తొమ్మిది రాష్ట్రములందలి నియామకములు, బదిలీలు, ఫిర్యాదులు ఎట్లు నడచుచున్నవో ఉత్తరువులు చదివియు, అధికారులను, సంఘనాయకులను, ఉపాధ్యాయులను అడిగియు వ్రాసిరి. అనేక రాష్ట్రములందు బదిలీలకు స్థిరమైన నియమములే లేవనియు, సిఫారసు చేయగలవాని మాటయే నియమముగా చెల్లుచున్నదనియు నిర్మొగమాటముగా చెప్పిరి. 2007లో బదిలీల చట్టము చేసిన కర్ణాటకమునుగూర్చి వారు వ్రాసిన భాగము చదువదగినది. ఈ గ్రంథపు గుణము దాని ధైర్యము. దాని లోపము, అందు వినబడు కంఠములు ఎక్కువగా కార్యాలయములవి కావడము. బదిలీ యైన యుపాధ్యాయుని బాధ వినబడును. అతడు విడిచిపోయిన బడిలోని పిల్ల మాట వినబడదు. ఆ తొమ్మిది రాష్ట్రములలో తెలుగు రాష్ట్రములు రెండును లేవు గావున, మన యింటి సంగతి మనమే విచారించుకొనవలసి యున్నది.

మన యింట బదిలీలకు కౌన్సెలింగు పద్ధతి చిరకాలముగా నున్నది. దూరపు గ్రామమున పనిచేసినవారికి ఎక్కువ పాయింట్లు, పట్టణమున పనిచేసినవారికి తక్కువ. భార్యాభర్తలు ఒక్కచోట నుండుటకును, రోగులకును, వికలాంగులకును కొంత మినహాయింపు. 2025లో ఆంధ్రప్రదేశమున దీనికి చట్టరూపమును గూడ ఇచ్చిరి. సిఫారసులకంటె ఇది మేలని వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను పాయింటు కొలువగలది ఉపాధ్యాయుని కష్టమునే; పిల్ల నష్టమును అది కొలువలేదు. ఉపాధ్యాయుని కష్టమునైనను పూర్తిగా కొలువదు. బడిలో మరుగుదొడ్డి లేక ఉదయమునుండి నీరు త్రాగక సాయంకాలమువఱకు కూర్చుండు ఉపాధ్యాయిని బాధకు ఎన్ని పాయింట్లు? చీకటిపడిన పిదప బస్సు దిగి రెండు మైళ్లు ఒంటరిగా నడచు స్త్రీ భయమునకు ఎన్ని? వీనిని ఆమె దరఖాస్తులో వ్రాయదు. మగ యధికారి అడిగిన చెప్పదు. ఆమె దూరపు బడిని కోరుకొనలేదని మాత్రము పట్టికలో చేరును. స్త్రీలు పల్లెలకు పోరను తీర్పును దానినుండి పుట్టును.

విని తెలిసికొనిన విచారణ ఎంతటి పని చేయగలదో చూపుటకు దూరము పోనక్కఱలేదు. 1940లో జోడేఘాట్ అడవులలో కొమురం భీము నిజాము సేనల తుపాకులకు బలియయ్యెను. ఆ పిమ్మట గోండుల అశాంతికి కారణమేమో విచారింపుమని నిజాము ప్రభుత్వము ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫును నియమించెను. అతడు కచేరిలో గూర్చుండి సాక్షులను పిలిపింపలేదు. ఆదిలాబాదు మండలమున మార్లవాయి గ్రామమున గుడిసెలో కాపురముండి, గోండీ నేర్చి, వారి పొలములు పోయిన తీరును, పండుగలను, అప్పులను వారి నోటనే వినెను. భూముల సంగతితోపాటు చదువు సంగతియు అతనికి తెలిసినది. బయటి యుపాధ్యాయుడు అడవిలో నిలువడు. నిలిచినను అతని మాట గోండు పిల్లకు తెలియదు. కావున ఉపాధ్యాయులను పంపుటకు మాఱుగా, ఉపాధ్యాయులను అచ్చటనే తయారుచేయవలెనని నిశ్చయించి, 1943లో మార్లవాయిలో గోండు యువకులకే శిక్షణమిచ్చు కేంద్రమును స్థాపించిరి. గోండీలో వాచకములు వ్రాయించిరి. ఏ నిష్పత్తియు ఈ యుపాయమును చెప్పజాలదు. ఎన్ని పదవులు ఖాళీగా నున్నవో పట్టిక చెప్పును. ఆ ఖాళీని నింపదగినవాడు ఆ గూడెములోనే చదువురాక యున్నాడని గూడెములో నివసించినవాడే చెప్పును. అయితే ఒక మాట మఱవరాదు. ఆ ప్రభుత్వము వినుటకు మనిషిని పంపినది తుపాకి ప్రేలిన పిదప. ముందే పంపియున్నచో కథ వేఱుగ నుండెడిది.

ఆ పాఠమును మనము పూర్తిగా మఱవలేదు. 2000 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 3వ సంఖ్యగల ఉత్తరువుచే షెడ్యూల్డు ప్రాంతములందలి ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే చెందునని విధించెను. 2004లో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన యారంభించిరి. 2020 ఏప్రిల్ 22న సుప్రీము కోర్టు రాజ్యాంగ ధర్మాసనము, నూటికి నూఱు పదవులను ఒక వర్గమునకే కేటాయించుట రాజ్యాంగ విరుద్ధమని ఆ యుత్తరువును కొట్టివేసెను. న్యాయస్థానపు తీర్పు శిరోధార్యము. కాని ఆ యిరువదియేండ్లలో తన భాష మాటాడు ఉపాధ్యాయునివద్ద చదివిన పిల్లకు కలిగిన లాభమెట్టిది, ఉపాధ్యాయుడు తన గూడెమువాడే యైనప్పుడు అతడు బడికి వచ్చుట హెచ్చినదా తగ్గినదా, ఈ ప్రశ్నలకు సమాధానము న్యాయశాస్త్రమున లేదు. అది సవరల, కోయల, గోండుల యిండ్లలో నున్నది. ఇకమీద నే నియమము చేయదలచినను మొదట వినవలసినది ఆ యిండ్లవారి మాట.

అట్లయిన వినుటకు నేడు ఎవరిని, ఎట్లు పంపుచున్నారు? ఇచ్చటనే నా ముఖ్యాక్షేపణ. 1983లో రాబర్టు చేంబర్స్ అను ఆంగ్ల విద్వాంసుడు గ్రామాభివృద్ధినిగూర్చి వ్రాసిన గ్రంథమున, పట్టణమునుండి పల్లెకు పోవు విచారణకర్తల దృష్టిదోషములను వివరించెను. వారు తారురోడ్డు ప్రక్కనున్న గ్రామములనే చూతురు. వానలు లేని కాలముననే పోవుదురు. పెద్దలతోను పురుషులతోను మాటాడి తిరిగి వత్తురు. నలువదేండ్లు దాటినను ఈ మాట పాతబడలేదు. చదువరులు గమనింపగోరెదను: ఉపాధ్యాయునిపై మనము మోపు నేరమును సరిగా ఇదియే. అతడు రోడ్డు ప్రక్క బడినే కోరును, వానకాలమున రాడు, గూడెపు భాష నేర్వడు అందుము. ఆ నేరమును విచారింపబోయినవాడును రోడ్డు ప్రక్కనే యాగిన, ఎవరిని ఎవరు విచారించినట్లు?

దోషము ఆ పరిశోధకునిది మాత్రమే కాదు, అతనిని నియమించినవారిది. పలుచోట్ల ఈ పనికి ఇచ్చు ప్రకటనలందు కోరునవి పెద్ద పట్టము, ఆంగ్లమున నివేదిక వ్రాయు నేర్పు, యంత్రముపై పని చేయు పరిచయము. సవర భాష వచ్చునా, వానకాలమున గూడెమున పదిదినములు ఉండగలరా అని యడుగుట అరుదు. పై మెట్టున నున్న సలహాదారునకు దినమునకింత యని మంచి జీతము. నిజముగా ఇల్లిల్లు తిరుగువానికి పూర్తిచేసిన ప్రశ్నావళికింత యని కూలి. ప్రశ్నావళికి కూలి యిచ్చినచో ప్రశ్నావళులు నిండును. ఎదుటివాడు మౌనము వహించినప్పుడు ఓపికతో కూర్చుండుటకు కూలి యెవరిత్తురు? అసలు మాట ఆ మౌనము తరువాతనే గదా వచ్చును. ఆ తిరిగినవాని పేరు నివేదికలో నుండదు. అతడు విన్న మాట ఒకమాఱు తెలుగులోనికి, ఒకమాఱు ఆంగ్లములోనికి మాఱి, రాజధాని చేరునప్పటికి రుచి లేని పథ్యమగును. ఇంకను ఘోరమేమన, మండల విద్యాధికారి తోడుగా వచ్చి కుర్చీ వేసికొని కూర్చుండగా ఉపాధ్యాయునిచే కష్టసుఖములు చెప్పింతురు. బదిలీ చేయగలవాని యెదుట బదిలీనిగూర్చి నిజము చెప్పు సాహసి యెందఱుందురు?

కావున నియామకపు షరతులే మాఱవలెను. పిల్లల యింటిభాష మాటాడువారిని మొదట చూడవలెను. పట్టము తరువాత చూడవచ్చును, శిక్షణముచే లోపము తీర్పవచ్చును. జట్టులో సగముమంది స్త్రీలుండవలెను. విచారణ జూను మొదలు మార్చివఱకు సాగవలెను. అప్పుడే వాగు పొంగిన బడిని, వలస పోయిన కుటుంబముల బడిని చూడగలరు. కూలి నెలకు నిర్ణయింపవలెను, కాగితమునకు గాదు. బదిలీల నధికారము గల శాఖకు వారు లోబడియుండరాదు. మాటాడినవారి పేరు ఏ యధికారికిని చేరరాదు. ఊరివాడే యైనచో కులపక్షము, బంధుపక్షము కలుగునను భయము సహేతుకమే. దానికి అతనిని పొరుగు మండలమునకు పంపుటయు, వేఱువేఱు కులములవారిని జంటగా పంపుటయు మందు. కడపట, విన్నదానిని అచ్చువేయకముందు ఆ యూరనే, ఆ భాషలోనే చదివి వినిపింపవలెను.

ఇది జరుగని కలయని తలపనక్కఱలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున గ్రామీణ ఉపాధి హామీ పనులపై 2006 మొదలు సామాజిక తనిఖీలు జరిగినవి. కూలివారి కుటుంబములందలి చదువుకొన్న యువతీయువకులకు శిక్షణమిచ్చి, ఇల్లిల్లు తిరిగి, రికార్డును కూలివాని నోటిమాటతో పోల్చి, తేడాను ప్రజావేదికలో బిగ్గరగా చదివించిరి. లోపములు లేకపోలేదు, రాబట్టని సొమ్ము చాల యున్నది. కాని విచారణ చేయు యోగ్యత పట్టణపు పట్టభద్రుని సొత్తు కాదని ఆ ప్రయత్నము దేశమునకు నేర్పినది. మన్ను తవ్విన కూలిని పరీక్షించుటకు పనికివచ్చిన పద్ధతి పిల్లల చదువును పరీక్షించుటకు పనికిరాదనుటకు కారణము కానరాదు.

దీనికి చెప్పు ఆక్షేపణలు రెండు. ఇట్టి విచారణ ఆలస్యమగును, ఖర్చగును అన్నది మొదటిది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2025లో ఒక్క నియామకపు పరీక్షచే 16,347 ఉపాధ్యాయ పదవులను నింపబూనినది. తెలంగాణ 2024లో 11,062 పదవులకు ప్రకటన చేసినది. ఒక్కొక్క యుపాధ్యాయుడు ముప్పదియేండ్లు పనిచేయును. ఇంతటి ధనమును ఎచ్చట వెచ్చించినచో పిల్లకు చేరునో తెలిసికొనుటకు ఒక్క సంవత్సరము పట్టుట ఆలస్యమా? మూడేండ్లకొక ఉత్తరువు పెట్టి తీసివేయుటయే అసలైన ఆలస్యము. మాటలు మనిషికొక తీరున నుండును, వానిలో ప్రమాణమేమి అన్నది రెండవది. నిజమే, ప్రతివాడును తన మేలు చూచుకొని మాటాడును. ఉపాధ్యాయుడు ఒకటి చెప్పును, తల్లి ఒకటి చెప్పును, సర్పంచి ఒకటి చెప్పును. కాని మువ్వుర మాటలు ఎచ్చట కలిసినవో, ఎచ్చట విడిపోయినవో గుర్తించి, పట్టికతో సరిచూచి, తేడాను దాచక వ్రాయుటయే ఈ శాస్త్రము. పట్టికను పట్టిక సరిచూడలేదు గదా.

మన చదువరులలో తల్లులు పెక్కుమంది గలరు. ఉపాధ్యాయుల యింటివారును గలరు. ఈ విషయము పండితులదని విడిచిపెట్టవలదని వారికి మనవి. మీ బడికి తల్లిదండ్రుల కమిటీ యొకటి చట్టప్రకారము గలదు. విచారణకర్తలెవరైన వచ్చినప్పుడు ఆ కమిటీ మూడు మాటలడుగవచ్చును: మీరు మా పిల్లల భాష నెఱుగుదురా? వానకాలమున మరల వత్తురా? మేము చెప్పినదానిని ఏమని వ్రాసితిరో మాకు తెలుగున చదివి వినిపింతురా? ఈ మూటికి ఔనన్నవారికి పీట వేసి, మంచినీరిచ్చి, దాచక సర్వమును చెప్పుడు. కాదన్నవారికి హాజరుపట్టిక చూపి పంపుడు. వారికి కావలసినది అందులో నున్నది. ఒక్కయూరివారు అడిగిన నవ్వుదురు. మండలమంతయు నడిగినచో, తరువాతి నియామక ప్రకటనలో ఆ మూడు మాటలును షరతులుగా చేరును.